కల్లంలో పోయిన కన్ను

నా కుడి కన్ను అక్రిలిక్‌తో చేసిన తొడుగు. చూసినవాళ్లకు వెంటనే తెలియదు. 1985 కార్తీక మాసంలో మా కల్లంలో వడ్లు తూర్పారబడుతుంటే ఒక నలుసు పడింది. పన్నెండో రోజుకు కన్ను పోయింది. అప్పుడు నాకు 31 ఏళ్లు. సిద్దిపేట దగ్గర ఒక సర్కారు బడిలో పంతులును. ఇప్పుడు 71.

ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి కంటికి ఏమైనా "సారుకు ఎరికనే" అని మా ఇంటికి రావడం మొదలైంది. వాళ్లను వెంటబెట్టుకొని హైదరాబాద్ బస్సెక్కేవాణ్ని. డాక్టర్ల పక్కన నిలబడి అడిగి, ఇంటికొచ్చి ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. నేను వైద్యుణ్ని కాను. కన్ను పోగొట్టుకున్నవాణ్ని, పోతున్న కండ్లను దగ్గరుండి చూసినవాణ్ని. నోటుబుక్కు పాతబడింది. అందులోంచి కొన్ని పాఠాలు నా మనుమలకోసం, మీకోసం ఇక్కడ రాస్తున్నాను.

1. నలుసు పడితే నలపొద్దు

ఆ రోజు గాలి బాగా వీస్తోంది. నాయిన చాట ఎత్తి వడ్లు వదులుతున్నాడు, నేను కింద తాలు ఊడుస్తున్నాను. కంట్లో ఏదో గుచ్చినట్టయింది. అరచేత్తో గట్టిగా నలిపాను. వరిపొట్టును వేళ్ల మధ్య పెట్టి రాసి చూడండి, ఆకురాయిలా ఉంటుంది. అదే రెప్ప కింద ఉండగా నలిపితే నల్లగుడ్డు మీద గీత పడుతుంది. నల్లగుడ్డును అద్దంలా కప్పి ఉండే పొరను కార్నియా అంటారు. నడిమధ్యన దాని మందం సుమారు అర మిల్లీమీటరు.

మా వాడకట్టులో ఒక పెద్దవ్వ ఉండేది. నాలుకతో నలుసు తీయడంలో ఆమెకు పేరు. రెప్ప తిప్పి, నాలుక కొసతో ఒక్కసారి అని, ఉమ్మేసి చూపించింది. నలుసు వచ్చింది. ప్రాణం హాయిగా అనిపించింది. పొట్టు మీది బూజు అప్పటికే గీతలోకి దిగి ఉంటుందనీ, నోటి తడితో ఇంకొన్ని క్రిములు చేరి ఉంటాయనీ అప్పుడు నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఆమె మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. ఊరంతా ఆమె దగ్గరికే పోయేది, పైసా తీసుకునేది కాదు.

వరి, మక్క, పత్తి కట్టె, పశువు తోక, కందిమోడు, వీటిలో ఏది తగిలినా బూజు జాతి క్రిములు వెంట రావచ్చు. వీటితో పడే పుండు మామూలు పుండుకంటే మొండిది, మెల్లగా లోపలికి పాకుతుంది. అందుకే నలుసు పడగానే ముందు చేతులు వెనక్కి పెట్టుకోవాలి. శుభ్రమైన నీళ్లు గిన్నెలో పోసి, కన్ను అందులో ముంచి రెప్పలు కొట్టాలి, లేదా ఎవరితోనైనా ధారగా పోయించుకోవాలి. నలుసు పోయినా గరగర తగ్గకపోతే, వెలుతురు చూస్తే నీళ్లు కారుతుంటే, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. తెల్లారి చూద్దాం అనుకోవద్దు.

ఆ రోజే అని ఎందుకంటున్నానంటే, నేపాల్‌లోని భక్తపూర్‌లో ఒక మంచి పని చేశారు. ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, కంటికి గీత పడ్డవాళ్లకు వెంటనే క్లోరాంఫెనికాల్ మలాం రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టించారు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దెబ్బ తగిలిన 18 గంటలలోపు మందు మొదలైన వాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. ఆ లెక్క నేను చదివిన రోజున చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నేను పెద్దాసుపత్రి మెట్లెక్కింది తొమ్మిదో రోజు.

2. ఎరుపు తగ్గించే చుక్కల మందును నమ్మొద్దు

రెండో రోజు కన్ను ఎర్రబడింది. ఒక మందుల దుకాణంలో అడిగితే చిన్న సీసా ఇచ్చారు. రెండు చుక్కలు వేసుకుంటే సాయంత్రానికే మంట తగ్గింది, మర్నాటికి ఎరుపు సగమైంది. నాకు సంతోషమైంది. ఐదో రోజు రాత్రి కంట్లో సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైంది. ఎనిమిదో రోజున అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ కనబడింది.

ఆ సీసాలో ఉన్నది స్టెరాయిడ్. క్రిములతో పోరాడే ఒంటి బలగాన్ని అది పడుకోబెడుతుంది. పోరాటం ఆగితే ఎరుపు ఉండదు, వాపు ఉండదు, నొప్పి ఉండదు. బూజు మాత్రం ఎవరి అడ్డూ లేకుండా పెరుగుతుంది. ఈ సంగతి హైదరాబాద్‌లో డాక్టరు చెప్పేటప్పటికి పుండు నల్లగుడ్డు లోపలి పొర దాకా దిగింది.

కాబట్టి సీసా మీది పేరు చదవండి. బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరు కనబడితే, కంటి డాక్టరు కన్ను చూసి రాసి ఉంటే తప్ప వాడొద్దు. ఆపరేషన్ తర్వాత ఇవే మందులు చాలా అవసరం, అప్పుడు మానెయ్యొద్దు. ఎవరు రాశారు, ఎన్నాళ్లు వాడమన్నారు అన్నదే చూసుకోవాలి.

ఇంకో కథ చెప్పాలి, ఇది నా బడి పిల్లవాడిది. ఏటా ఎండాకాలం రాగానే వాడికి కండ్లు విపరీతంగా దురదపెట్టేవి. ఎవరో ఒకసారి రాసిచ్చిన చుక్కల మందును తల్లి రెండేళ్లపాటు దుకాణంలో కొని వేస్తూనే ఉంది. వేస్తే దురద పోయేది మరి, ఏ తల్లి మానుతుంది? పదో తరగతికి వచ్చేసరికి వాడు గుమ్మాలకు తగులుకోవడం మొదలుపెట్టాడు. బోర్డు మీద అక్షరాలు బాగానే చదివేవాడు, పక్కన నిలబడ్డ మనిషి కనబడేవాడు కాదు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది. నీటికాసులు అంటారు దీన్ని. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. మిగిలింది కాపాడగలిగారు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. వాళ్ల కండ్లు దురదపెడితే మొదటి ఫోను నాకే చేస్తాడు.

3. సున్నం పడితే నీళ్లు, నీళ్లు, నీళ్లే

దసరాకు ఇండ్లకు సున్నం వేసే రోజుల్లో, పాన్ డబ్బాల దగ్గర చిన్న సున్నం పొట్లాలు పిల్లల చేతికి దొరికినప్పుడు ఈ ప్రమాదం వస్తుంది. పొట్లాన్ని పిసికితే పగిలి సూటిగా కంట్లోకి చిమ్ముతుంది.

మా వీధిలో నాలుగేళ్ల పాపకు అట్లే అయింది. అమ్మమ్మ పిల్లను సంకనేసుకొని ఆటో కోసం రోడ్డెక్కింది. నేను పిల్లను లాక్కొని మా వాకిట్లో నల్లా కింద పడుకోబెట్టాను. "సారూ, దవాఖానకు పోనియ్యుండ్రి, బిడ్డ ఏడుస్తుంది" అని ఆమె నా చెయ్యి గుంజుతూనే ఉంది. అరగంట నీళ్లు పోశాను. రెప్పలు విడదీసి పట్టుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చారు. తడి గుడ్డ కొసతో రెప్ప కింద ఇరుక్కున్న సున్నపు ముద్దలు తీశాం. ఆ తర్వాతే ఆటో.

యాసిడ్ కంటే సున్నం చెడ్డది. యాసిడ్ తగిలిన చోట మాంసం గట్టిపడి, అదే కొంత అడ్డుగా నిలుస్తుంది. సున్నం మాత్రం పొరలను కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అంత లోతు. సిమెంటు, బట్టలసోడా కూడా ఈ జాతివే. చేలల్లో కొట్టే పురుగుమందు పడినా, బ్యాటరీ నీళ్లు పడినా మొదటి వైద్యం నీళ్లే. నెయ్యి, పాలు, నిమ్మరసం వంటివేవీ వద్దు. మినరల్ వాటరు సీసా కోసం కూడా ఎదురుచూడొద్దు, తాగే నీళ్లు చాలు.

ఆ పాపకు చూపు దక్కింది, కాస్త మసక మిగిలింది. ఇంతకంటే ఎక్కువ కాలినవాళ్లకు నల్లగుడ్డు అంచున కొత్త పొరను పుట్టించే మూలకణాలే మాడిపోతాయి. అప్పుడు నల్లగుడ్డు మీద ఎర్రటి మాంసపు పొర పాకుతుంది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో దీనికి ఒక పద్ధతిని ప్రకటించింది. మంచి కంటి అంచు నుంచి గోరు చివరంత కూడా లేని ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, కాలిన కంటి మీద పరిచి అంటిస్తారు. నారు పోసినట్టు ఆ తునకలే పొరగా అల్లుకుంటాయి. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేని పద్ధతి కనుక పేద దేశాలకు పనికొచ్చింది. మన దగ్గర పుట్టిన వైద్యం ఇది.

4. గుచ్చుకున్నదాన్ని పీకొద్దు, కడగొద్దు, నొక్కొద్దు

ఇంతకుముందు చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. అందుకే పిల్లలకు రెండూ కలిపి నేర్పాలి. మందో సున్నమో పడితే కడగాలి. ముల్లో ఇనుప ముక్కో గాజు పెంకో గుచ్చుకొని కన్ను చిల్లిపడితే నీళ్లు కూడా పోయొద్దు. కాగితపు చాయ్ కప్పును కంటి గుంత చుట్టూ ఎముకకు ఆనేట్టు బోర్లించి, కన్నుకు తగలకుండా అంటించి, తీసుకుపోవాలి. తిండి పెట్టొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

సుత్తెతో ఇనుము మీద కొట్టేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. చిన్న ఇనుప రవ్వ ఎగిరి కంట్లోకి దూరితే ఒక్కోసారి నొప్పే ఉండదు. ఏదో తగిలిందిలే అనుకుంటారు. లోపల ఇనుము తుప్పు పట్టి నెలల తర్వాత కంటి లోపలి తెరను, అంటే రెటీనాను, చంపుతుంది. కొట్టేటప్పుడు కంటికి ఏదో తగిలి, ఆ తర్వాత కొంచెమైనా మసక అనిపిస్తే ఎక్స్‌రే తీయించుకోవాలి.

ఇక చిర్రగోనె. నేను కూడా ఆడిన ఆటే, నిషేధించమని ఎట్లా అంటాను? కానీ ఎగిరొచ్చే చిర్ర నేరుగా కంటి గుంతలోకి వస్తుంది. ఒకసారి మా బడి మైదానంలో ఐదో తరగతి పిల్లవాడికి తగిలింది. కార్నియా వెనక ఎర్రగా రక్తం నిలిచింది, గ్లాసులో అడుగున నిలిచినట్టు. రెండో రోజుకు తగ్గింది. తండ్రి మళ్లీ పొలం పనికి తోలాడు. నాలుగో రోజున మొదటిసారికంటే ఎక్కువ రక్తం వచ్చింది. ఇట్లాంటి దెబ్బ తగిలితే మొదటి వారం చాలా ముఖ్యం. తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి, ఉరకొద్దు, బరువులెత్తొద్దు. ఆస్పిరిన్ జాతి నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తం మళ్లీ కారే భయం ఉంది. ఆ పిల్లవాడికి చూపు నిలిచింది. అయినా దెబ్బ తిన్న కంట్లో ఏళ్ల తర్వాత కూడా నీటికాసులు రావచ్చు కనుక ఏటా ఒత్తిడి చూపించుకొమ్మని డాక్టరు ఆనాడే చెప్పారు. వాడు ఏటా పోతున్నాడు.

5. రెండో కంటి సంగతి అడగాలి

పదకొండో రోజు రాత్రి నా పుండు చిల్లిపడింది. పొద్దున డాక్టరు వచ్చి, చూపు రాదు, లోపలంతా చీము, ఇది తీసెయ్యాలి అన్నారు. నేను ఒప్పుకోలేదు. చూడకపోయినా కన్ను ఉండనీ అన్నాను. నాయిన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మనిషి ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం.

డాక్టరు కుర్చీ లాక్కొని కూర్చొని లూయీ బ్రెయిల్ కథ చెప్పారు. ఫ్రాన్స్‌లో కుప్‌వ్రే అనే ఊళ్లో 1809లో పుట్టిన పిల్లవాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు తండ్రి ఆరెతో ఆడుకుంటుంటే ఒక కంట్లో గుచ్చుకుంది. ఐదేళ్లు నిండేసరికి రెండో కన్నూ పోయింది. గుడ్డివాళ్లు వేళ్లతో చదివే లిపిని తయారుచేసింది ఆ పిల్లవాడే.

ఒక కన్ను చిల్లిపడినప్పుడు, అరుదుగానే అయినా, లోపల దాగి ఉండే పొరలు ఒంటి బలగానికి పరాయివిగా కనబడతాయి. అప్పుడు ఆ బలగం దెబ్బ తగలని కంటి మీద కూడా దాడికి దిగుతుంది. చాలావరకు రెండు వారాల తర్వాత, మొదటి ఏడాదిలోపు వస్తుంది. ఎన్నో ఏళ్లకు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు దీనికి మందులున్నాయి, వెంటనే మొదలుపెడితే చూపు నిలుస్తుంది. మంచి కన్ను మసకబారినా, వెలుతురుకు నొప్పి పెట్టినా, ఆ రోజే పరుగెత్తమని నాకు చెప్పారు. నా కన్ను తీయడానికి చీము పట్టడమే ముఖ్య కారణం. అయినా బ్రెయిల్ కథ వినకపోతే నేను సంతకం పెట్టేవాణ్ని కాను. నలభై ఏళ్లుగా ప్రతి పొద్దూ లేవగానే ఎడమ కంటితో గోడ మీది క్యాలెండరు తేదీ చదువుతాను. ఇవాళ కూడా చదివాను.

6. ఆపరేషన్ తర్వాత నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

మా ఇంటామెకు మోతిబిందు (శుక్లం) ఆపరేషన్ చేయించిన నాటికి నేను చాలామందిని ఆసుపత్రులకు తీసుకుపోయి ఉన్నాను. అయినా సొంత మనిషి విషయంలో కాళ్లు వణికాయి. "కంట్ల ప్లాస్టిక్ పెడ్తరట, కుళ్లదా?" అని ఆమె భయం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి ఇంగ్లండు పైలట్ల కండ్లలో ప్లాస్టిక్ ముక్కలు ఇరుక్కుంటే, అవి ఏళ్ల తరబడి వాపు తేకుండా ఉండిపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించారు. 1949లో లండన్‌లో ఆ ప్లాస్టిక్‌తోనే చేసిన మొదటి కటకాన్ని కంట్లో పెట్టారు. గాయం నేర్పిన వైద్యం అది. ఈ సంగతి చెప్తే ఆమె కాస్త కుదుటపడింది.

ఆపరేషన్ మంచిగానే అయింది. రెండో రోజు కట్టు విప్పి గోడగడియారం చూసి టైము చెప్పింది. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక "కన్ను గుంజుతున్నది" అన్నది. పదకొండింటికి నొప్పి పెరిగింది, చూపు పొగలో ఉన్నట్టయింది, రెప్ప ఉబ్బింది. కొడుకు "పొద్దున పోదాం నాయినా, ఈ రాత్రి ఎవరుంటరు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రాత్రికి రాత్రే రాజీవ్ రహదారి పట్టుకొని వంద కిలోమీటర్లు పోయాం. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూడగానే లోపల చీము మొదలైందని చెప్పి, కంటిలోపలికే సూదితో మందు ఇచ్చారు. ఇరవై రోజులు పట్టింది. ఇవాళ ఆమె సూదిలోకి దారం తనే ఎక్కించుకుంటుంది. పొద్దున దాకా ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరు జవాబు చెప్పలేదు, తల అడ్డంగా ఊపారు.

2016 జూన్ 30న హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో 13 మందికి మోతిబిందు ఆపరేషన్లు జరిగాయి. వాళ్లలో పలువురికి కన్ను చీము పట్టింది. కన్ను కడగడానికి వాడిన ద్రావణంలోనే క్రిములున్నట్టు బయటపడింది. కూలి చేసుకునే పేదలు, చూపు కోసం వచ్చి చూపు పోగొట్టుకున్నవాళ్లు. ఆ వార్త చదివి నేను రెండు పూటలు అన్నం తినలేదు. డాక్టరు చెయ్యి ఎంత మంచిదైనా, సీసాలోని నీళ్లు మంచివి కాకపోతే ఏం లాభం? ఆ సీసాలు ఎక్కడ తయారయ్యాయి, ఎవరు పరీక్షించారు అని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది. అడగాలి కూడా.

అంతమాత్రాన ఆపరేషన్ మానుకోవద్దు. ఆ సరోజినీదేవి ఆసుపత్రిలోనే మా వాళ్లలో ఎంతమందికో చూపు వచ్చింది. చీము పట్టడం చాలా అరుదు, మోతిబిందుతో గుడ్డివాళ్లయినవాళ్లు ఊరూరా ఉన్నారు. నొప్పి పెరగడం, ఎరుపు పెరగడం, నిన్నటికంటే ఇవాళ చూపు తగ్గడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా గడియారం చూడకుండా బయల్దేరాలి. చుక్కలు వేసేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సీసా ముక్కు రెప్పకు తగలనియ్యొద్దు, ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు.

నెలలకో ఏళ్లకో చూపు మళ్లీ మెల్లగా మసకబారితే, మోతిబిందు తిరిగొచ్చిందని బెంగపడతారు. అది తిరిగి రాదు. కటకం వెనక పొర మందమవుతుంది, దాన్ని లేజర్‌తో కొన్ని నిమిషాల్లో తొలగిస్తారు. దానికి భయపడే పనే లేదు.

7. వేరే రోగం మందు కంటికి తగలొచ్చు

ఇది చిన్న పాఠం. టీబీకి ఇచ్చే మందుల్లో ఇథాంబ్యుటాల్ ఒకటి. ప్రాణం నిలిపే మందు, మీ అంతట మీరు మానొద్దు. కానీ కొందరికి అది కంటి నరం మీద పనిచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనబడితే, అక్షరం నడిమధ్య మసక వస్తే, అదే రోజు టీబీ డాక్టరుకు చెప్పాలి. తొందరగా ఆపితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు కూడా కాలం పెరిగేకొద్దీ రెటీనా పరీక్ష అవసరం. మందు రాసేటప్పుడే "కంటికేమన్నా అయితదా?" అని ఒక్క మాట అడిగితే నష్టం లేదు.

8. ఒక కన్ను మిగిలినవాళ్లు అద్దాలు తీయొద్దు

కన్ను పోయిన కొత్తలో చాయ్ గ్లాసులో కాక టేబుల్ మీద పోసేవాణ్ని. మెట్టు ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. ఎదురొచ్చే సైకిల్ ఎంత దూరంలో ఉందో అంచనా తప్పేది. రెండు కండ్లు కలిస్తేనే దగ్గరా దూరమూ సరిగ్గా తెలుస్తాయి. ఆరేడు నెలల్లో మెదడు వేరే దారులు వెతుక్కుంటుంది. నీడను, వస్తువు పరిమాణాన్ని, తల కదిపినప్పుడు ఏది ఎక్కువ కదిలిందో దాన్ని చూసి దూరం లెక్కగడుతుంది. గ్లాసుకు సీసా మూతి ఆనించి పోయాలి, మెట్టు మీద మడమ జరిపి చూడాలి, రోడ్డు దాటేటప్పుడు పోయిన కన్ను వైపు తల పూర్తిగా తిప్పాలి. బజారుకు పోతే మా ఆమె ఎప్పుడూ నా కుడి పక్కన నడుస్తుంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

చూపు బాగున్నా నేను పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకుంటాను. సులువుగా పగలని రకం అవి. పండక్కి పటాకులు కాల్చే చోట, కోతల దగ్గర, వెల్డింగ్ దుకాణం ముందు వాటిని అస్సలు తీయను. వెల్డింగ్ వెలుగును చూస్తే ఆ పూటకేమీ తెలియదు, రాత్రికి రెండు కండ్లలో ఇసుక పోసినట్టవుతుంది.

ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మా ఉమ్మడి మెదక్‌లోని మల్కాపూర్‌లో కంటి వెలుగు పథకం మొదలుపెట్టినప్పుడు ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. మంచి పని. అదే చేత్తో కోతల కాలానికి ముందు రైతులకు, కూలీలకు రక్షణ అద్దాలు కూడా ఇస్తే ఎన్నో కండ్లు మిగులుతాయని అప్పట్నుంచీ కనబడిన ప్రతి అధికారికీ చెప్తున్నాను. ఇంకా చెప్తాను.

9. మా అవ్వ కండ్లు

ఒక సంగతి దాటేశాను. ఆరో రోజు నొప్పికి నేను మెలికలు తిరుగుతుంటే మా అవ్వ పెరట్లోని నందివర్ధనం పూలు నలిపి ఆ రసం నా కంట్లో పిండింది. "చల్లగైతది కొడుకా, ఇగ మూసుకో" అన్నది. తెలిసినవాళ్లందరూ చేసే పనే. కడగని పూలు, కడగని చేతులు, పుండు పడ్డ కన్ను. బూజు అప్పటికే లోపల ఉందని, ఆ పసరు వల్లే పోలేదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు. నా కన్ను తీసిన రోజే ఆ చెట్టును నరికించింది. నా కుడి వైపు చూసి మాట్లాడడం మానేసింది. ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చునేది.

చివరి రోజుల్లో ఒకనాడు "సచ్చినంక కండ్లు తీస్కుంటరట గదా, ఎవరికన్నా పెడ్తరట గదా" అని అడిగింది. నిజమే అన్నాను. చనిపోయిన ఆరు గంటలలోపు తీయాలని, షుగరున్నా మోతిబిందు ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చని, కార్నియా మచ్చపడి చూపు పోయినవాళ్లకు అది పెడతారని చెప్పాను. ఆమెకు రెండూ ఉన్నాయి, షుగరూ, ఆపరేషనూ. "మరి నావి పనికొస్తయా?" అని మళ్లీ అడిగింది. పనికొస్తయి అవ్వా అన్నాను.

ఎల్.వి.ప్రసాద్ ఆసుపత్రిలో 1989 నుంచి రామాయమ్మ పేరుతో నేత్రనిధి ఉంది. అవ్వ పోయిన రాత్రి ఏడుపుల మధ్యనే ఫోను చేశాం. వాళ్లు వచ్చేదాకా కండ్లు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు ఎత్తుగా పెట్టమన్నారు. నేనే పెట్టాను. వచ్చిన పిల్లలు ముందు ఆమె పాదాలకు దండం పెట్టి పని మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ముఖం ఎప్పటిలాగే ఉంది. వాకిట్లో కొందరు గొణిగారు, వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందని. నాయిన లేచి నిలబడి ఒకే మాట అన్నాడు, "అది దాని ఇష్టం." ఎవరూ మళ్లీ నోరెత్తలేదు.

పోయిన కార్తీకంలో మా పొలంలో హార్వెస్టర్ దిగింది. చాటలు లేవు, తూర్పారబట్టడం లేదు, దుమ్ము మాత్రం అంతకు పదింతలు. మనుమడు సెల్లు చూసుకుంటూ గట్టు మీద నిలబడ్డాడు. నేను ఇంట్లోంచి తెచ్చిన అద్దాలు వాడికిచ్చాను. పెట్టుకొని, మిషను వైపు నడిచాడు. నేను వాడి కుడి పక్కన నడిచాను.